బోదకాలుకు ప్రథమ లక్ష్యం

ఆరేళ్లు కష్టపడి డాక్టర్ ఇందుమతి ఒక పురుగును కదలకుండా చేసింది.

అది బోదకాలు తెచ్చే పురుగు. తలవెంట్రుకంత సన్నగా, వేలెడు పొడుగున ఉంటుంది. దోమకాటుతో మనిషి ఒంట్లో చేరి ఏళ్ల తరబడి అక్కడే కాపురం పెడుతుంది. ఏడాదికోసారి ఇంటింటికీ పంచే మాత్రలు దాని పిల్లల్ని చంపుతాయి గాని, తల్లి జోలికి అంతగా పోలేవు. ఆ తల్లి పురుగు బతకాలంటే దాని ఒంట్లో ఒక ప్రొటీను పనిచేస్తూ ఉండాలనీ, దాన్ని ఆపేస్తే మూడు రోజుల్లో చచ్చి పడుతుందనీ ఇందుమతి గాజు పళ్లెంలో కళ్లారా చూసింది. పురుగు ప్రొటీన్ల జాబితాలో ఆ ప్రొటీను నెంబరు 417. ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు కనక దానికి పేరు కూడా లేదు. ఆపే మందు కూడా ఆకాశం నుంచి దిగిరానక్కర్లేదు. వేరే జబ్బుకు ఎప్పటినుంచో జనం మింగుతున్న మాత్రే.

పళ్లెంలో జరిగింది ఒంట్లోనూ జరుగుతుందా అన్నది ఇక తేలాలి. అందుకోసం ప్రయోగశాల వెనక గదిలో నలభై ఎడారి ఎలుకలు, ఒంటినిండా పురుగుల్ని మోస్తూ సిద్ధంగా ఉన్నాయి. వాటిని సాకేది టెక్నీషియన్ తవిటినాయుడు. ముప్పయ్యేళ్ల సర్వీసు, ఎలుక మొహం చూసి దాని ఆరోగ్యం చెప్పగలడు.

"ముసిలివైపోతన్నాయి మేడంగారూ" అన్నాడు జూన్ మొదట్లో. "ఆగస్టు నెలాకరికి మొదలెట్టకపోతే ఇయ్యి మనకి దక్కవు. మళ్లీ ఇన్నింటిని తయారు సెయ్యాలంటే రెండేళ్లు."

ఇందుమతి ప్రయోగానికి అనుమతి కోరుతూ దరఖాస్తు రాసుకుంటున్న వారంలోనే సంస్థలోకి జ్ఞానజాలం వచ్చింది.

ఆ సంస్థ పేరు తీరప్రాంత వ్యాధుల పరిశోధనా సంస్థ. భీమిలి రోడ్డులో, సముద్రానికి ఎదురుగా మూడంతస్తుల భవనం. డైరెక్టరు డాక్టర్ ప్రభంజనరావుగారు. ఆయన చెడ్డవారు కారు. ఏ సభకు వెళ్లినా అక్కడ విన్న కొత్త మాటను మర్నాటినుంచే అమలు చెయ్యకుండా ఉండలేరు, అంతే. ఒకసారి ఒక సభనుంచి వచ్చి, కూర్చుంటే బుద్ధి మందగిస్తుందని కుర్చీలన్నీ తీయించేశారు. నెల తిరక్కుండా ఇంకో సభనుంచి వచ్చి, నిలబడితే మోకాళ్లు అరుగుతాయని అన్నీ వెనక్కి తెప్పించారు. ఈసారి ఆయన మోసుకొచ్చిన మాట నాలెడ్జ్ గ్రాఫ్. దానికి సమగ్ర జ్ఞానజాలం అని నామకరణం చేసి, యంత్రం ముందు కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు చిందకుండా పరిపాలనాధికారి వామనమూర్తి ఫైలు అడ్డం పెట్టాడు.

జాలం చేసేది పెద్ద మాయేమీ కాదు. ప్రపంచంలో అచ్చయిన పరిశోధన వ్యాసాలన్నీ చదువుతుంది. ప్రతి ప్రొటీనుకూ, ప్రతి జబ్బుకూ, ప్రతి మందుకూ ఒక్కో చుక్క పెడుతుంది. రెండు పేర్లు ఒకేచోట కనిపిస్తే ఆ రెండు చుక్కల్నీ ఒక గీతతో కలుపుతుంది. ఆ పెద్ద చుక్కల ముగ్గులో ఫలానా జబ్బు చుక్కకు ఎవరి గీతలు ఎక్కువ చేరాయో చూసి, ఆ జబ్బును లొంగదీయాలంటే ముందుగా దేన్ని ఆపాలో వరసగా ర్యాంకులిస్తుంది. అలా ఆపదలచిన దాన్ని 'లక్ష్యం' అంటారు. తెలిసినవాళ్ల చేతిలో పనికొచ్చే వస్తువే. ముందు ఎక్కడ వెతకాలో చెబుతుంది. మిగతా చోట్ల వెతకడం మానెయ్యండని అది ఎవరికీ చెప్పలేదు. ఆ మాట చెప్పింది డైరెక్టరుగారి సర్క్యులరు:

"ఇందుమూలముగా యావన్మంది శాస్త్రజ్ఞులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట జ్ఞానజాలమునందు మొదటి పది స్థానములలో నిలిచిన లక్ష్యములపై మాత్రమే ప్రయోగములు అనుమతించబడును. ప్రథమ స్థానమునందున్న లక్ష్యమును తొంబది దినముల పాటు నిరోధించి ఫలితములను నివేదించవలెను. ఇందు ఎవరికిని, ఎట్టి పరిస్థితులలోను, మినహాయింపు లేదు."

ఇందుమతి బోదకాలు జాబితా తెరిపించి చూసుకుంది. మొత్తం తొమ్మిదివేల రెండువందల పదహారు లక్ష్యాలు. 417కి వచ్చిన ర్యాంకు తొమ్మిదివేల రెండువందల పద్నాలుగు. దానికింద ఉన్న రెండూ అచ్చుతప్పులు.

ఆమె నేరుగా డైరెక్టరుగారి గదికి వెళ్లింది.

"సార్, దీనిమీద ఇప్పటిదాకా ఎవరూ పనిచెయ్యలేదు. వ్యాసాలు లేవు కనకే ర్యాంకు రాలేదు" అంది.

"మంచిది. వ్యాసాలు రాయండి."

"రాయాలంటే ప్రయోగం చెయ్యాలి కదండీ."

"తప్పకుండా చెయ్యండి. ర్యాంకు రాగానే."

"ప్రయోగం లేనిదే ర్యాంకు రాదు సార్."

ప్రభంజనరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ముఖంలో నిజమైన జాలి కనిపించింది. "అమ్మా ఇందుమతీ, మీరు ఇంకా పాతకాలంలో ఉన్నారు. పూర్వం శాస్త్రజ్ఞుడు ప్రకృతిని అడిగి తెలుసుకునేవాడు. ఇప్పుడు జాలాన్ని అడుగుతాడు. జాలంతో పరిచయం లేని పదార్థం ప్రకృతిలో ఉన్నప్పటికీ, పరిపాలనాపరంగా లేనట్టే. మీ నాలుగువందల పదిహేడుకు ముందు నాలుగు పరిచయాలు సంపాదించిపెట్టండి."

గదినుంచి బయటికొచ్చిన ఇందుమతికి మెట్లమీద కాశమ్మ ఎదురైంది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. ఎడమకాలు రోలంత వాచి ఉంది. సోమవారం సోమవారం రోగుల్ని చూసే గది మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు చెడిపోయి రెండేళ్లయింది. బోదకాలు రోగుల్ని మెట్లెక్కించడం న్యాయం కాదని ఆ రెండేళ్లలో ఎనభై ఏడు ఫిర్యాదులు వచ్చాయి. వాటన్నిటికీ వేళకు జవాబులు కూడా వెళ్లాయి.

"డాట్రమ్మా" అంది కాశమ్మ, ఆయాసపడుతూ మెట్టుమీద కూలబడి. "ఆ తల్లి పురుగు సచ్చే మందు కనిపెట్టేనన్నావు గదే. ఎప్పుడిత్తావు?"

"ఇంకొక పరీక్ష మిగిలింది కాశమ్మా."

"నీకా, దానికా?"

ఇందుమతి ఆమె పక్కన మెట్టుమీద కూర్చుంది.

అయినా ఊరుకోబుద్ధి కాక దరఖాస్తు పెట్టింది. మూడోరోజుకల్లా తిరస్కరణ వచ్చింది. వామనమూర్తికి తిరస్కరించడంలో మంచి చేయి. ఒక్క వాక్యంలో పోయేదాన్ని రెండు పేజీలు రాసి, డైరెక్టరుగారి సంతకం చేయించి, పద్నాలుగు విభాగాలకు నకళ్లు పంపేవాడు. ఆ కాగితంలో "417 సంఖ్యగల ప్రొటీనునకు బోదకాలు వ్యాధితో సంబంధము కలదని జాలము గుర్తించి యుండలేదు గనుక" అన్న మాట ఆరుసార్లు ఉంది.

మర్నాడు పొద్దున్నే తవిటినాయుడు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"మేడంగారూ, మనదాన్ని సూసేరా? ఐదొందల ర్యాంకులు పైకి పోయీసింది!"

ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని ఆరా తీశారు. అసలు సంగతి గంటలో బయటపడింది. పేరులో 'సమగ్ర' ఉండగా ఒట్టి వ్యాసాలు చదివితే అది సమగ్రం ఎలా అవుతుందని వామనమూర్తికి సందేహం వచ్చిందట. దాంతో సంస్థ ఫైళ్లు, మెమోలు, ఫిర్యాదులు, కాంటీను జాబితాలు సహా అన్నీ జాలానికి చదివించమని డైరెక్టరుగారు ఉత్తర్వు ఇచ్చారు. పద్నాలుగు నకళ్లూ పద్నాలుగు కాగితాలుగా లోపలికెళ్లాయి. ఒక్కోదాంట్లో 417 పక్కన బోదకాలు ఆరుసార్లు కనిపించింది.

"కాని అందులో సంబంధం లేదని కదా రాశారు?" అంది ఇందుమతి.

"నేదన్న ముక్క దానికి వినపడనట్టుందండి" అన్నాడు తవిటినాయుడు. "పేర్లు రెండూ పక్కపక్కన కనబడితే సాలు, సుట్టరికం కలిపీసింది. మా ఊళ్లో ఇద్దరు కొట్టుకున్నా, ఈళ్లిద్దరికీ బాగా తెలుసురా అంటారు గదండీ, అలగ."

ఇందుమతి తెరమీది కొత్త ర్యాంకును కాగితంమీద రాసుకుంది. ఆరేళ్లలో ఆమె ఏ తప్పుడు అంకెనూ రాయలేదు, ఏ ఫలితాన్నీ సాగదీయలేదు. ఇప్పుడూ రాయక్కర్లేదు. అడిగితే చాలు, కాదంటారు. కాదన్నకొద్దీ ర్యాంకు పెరుగుతుంది. ఇందులో అబద్ధం ఎక్కడుందో ఆమెకు ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాటినుంచి రోజుకో దరఖాస్తు పెట్టింది. ఎలుకలకోసం ఒకటి, ఎలుకల మేతకోసం ఒకటి, 417కు బోదకాలుతో సంబంధం లేదని ఏ ఆధారంతో అన్నారో తెలపగోరుతూ ఒకటి. వామనమూర్తి ప్రతిదానికీ ఉత్సాహంగా, విపులంగా, నకళ్లతో సహా తిరస్కరణ పంపాడు. జూన్ ఆఖరుకు 417 నాలుగువేలలోకి వచ్చింది. జూలై రెండోవారానికి మూడువందలు. ఇరవయ్యో తేదీకి పన్నెండు.

పది లోపలికి రావాలంటే ఇంకొక్క తోపు చాలు. సరిగ్గా అప్పుడే తిరస్కరణలు ఆగిపోయాయి.

ఇందుమతి వామనమూర్తి గదికి వెళ్లింది. ఆయన బల్లమీద ఆమె దరఖాస్తులు మూడు, తిరస్కరణకు బదులు 'పరిశీలనలో ఉన్నది' అన్న చీటీమీద డైరెక్టరుగారి సంతకంతో ఉన్నాయి.

"ఇవి ఇంకా తిరస్కరించలేదేమండీ?"

"పరిశీలనలో ఉన్నాయమ్మా."

"ఇదివరకు మూడు రోజుల్లో తిరస్కరించేవారు కదా."

"నిజమే. కాని మీ పట్టుదల చూశాక నాకే అనిపించింది, ఇన్నిసార్లు కాదనడం మర్యాద కాదేమోనని. అందుకని పెండింగులో పెట్టాను."

"వామనమూర్తిగారూ, మీకు దణ్ణం పెడతాను. దయచేసి కాదనండి."

వామనమూర్తి కుర్చీలో వెనక్కి జరిగాడు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ అలా వేడుకోలేదు. "తిరస్కరణ అనేది అడిగితే ఇచ్చేది కాదమ్మా" అన్నాడు కొంచెం నొచ్చుకుని. "అది అధికారి విచక్షణకు సంబంధించిన విషయం."

ఇందుమతి చేతిలో పని ఆగిపోయింది గాని, జాలం పని ఆగలేదు. ఆగస్టు ఐదున పైనుంచి కేంద్ర సమీక్షా సంఘం వచ్చింది. అధ్యక్షురాలు ఆచార్య విశాలాక్షి. ఏ సంస్థకు వెళ్లినా అక్కడివాళ్లు రాసుకున్న నిబంధనల్ని అక్షరం పొల్లుపోకుండా వాళ్లచేతనే అమలు చేయిస్తుందని ఆవిడకు పేరు. డైరెక్టరుగారు సభామందిరంలో పెద్ద తెర కట్టించి, జాలం తాజా ర్యాంకుల్ని అందరిముందూ మొట్టమొదటిసారి ఆవిష్కరిస్తానని చెప్పారు. తాను కూడా ముందు చూడలేదన్నారు. శాస్త్రంలో పారదర్శకత ముఖ్యం కదా.

తెరమీద పదోస్థానం నుంచి పైకి ఒక్కొక్కటే వచ్చాయి. పదినుంచి ఐదుదాకా వ్యాసాల్లో ప్రసిద్ధికెక్కిన ప్రొటీన్లు. వాటిమీద ఇరవయ్యేళ్లుగా అందరూ పనిచేస్తున్నారు, ఏ మందూ రాలేదు. నాలుగోస్థానంలో ఉప్మా.

సభలో చిన్న గుసగుస పుట్టింది. సోమవారాలు బోదకాలు రోగులకు కాంటీనులో టోకెనుమీద ఉప్మా పెడతారనీ, ఆ టోకెన్ల రిజిస్టరు పదకొండేళ్లదనీ వామనమూర్తి సవినయంగా వివరించాడు.

మూడోస్థానం, లిఫ్టు.

"లిఫ్టు" అని విశాలాక్షిగారు గట్టిగా చదివారు. "ఈ లక్ష్యాన్ని నిరోధించి చూశారా?"

డైరెక్టరుగారు ఒక్క క్షణం తడబడినా నిలదొక్కుకున్నారు. "లిఫ్టు రెండేళ్లుగా సంపూర్ణంగా నిరోధించబడి ఉన్నదండి. అయినా రోగుల పరిస్థితి మెరుగుపడినట్టు ఆధారాలు లేవు."

"అంటే విఫల లక్ష్యం. నమోదు చేసుకోండి. నిరోధం తొలగించండి."

రెండోస్థానంలో, బోదకాలు రోగి వచ్చిన ప్రతిసారీ నింపే 7-బి ఫారం. దాన్ని కూడా నమోదు చేసుకున్నారు. ఇక మొదటిస్థానం. డైరెక్టరుగారు తెరవైపు చెయ్యి చాపి, చిన్న ఉపన్యాసం ఇచ్చారు. "మహాశయులారా! బోదకాలు అను ఈ మహమ్మారికి మూలకారణంగా జ్ఞానజాలం, ఎట్టి రాగద్వేషాలకూ తావివ్వక, లక్షల ఆధారాల్ని తూచి నిర్ణయించిన ప్రథమ లక్ష్యం..."

తెరమీద అక్షరాలు పడ్డాయి: డాక్టర్ పి. ప్రభంజనరావు.

వామనమూర్తి అలవాటుకొద్దీ దాన్ని కూడా నమోదు చేసుకున్నాడు.

లెక్క సరిగ్గానే ఉంది. బోదకాలుమీద సంస్థ వెలువరించిన ఆరువందల పదకొండు వ్యాసాల్లోనూ మొదటి పేరు ఆయనదే. ప్రతి మెమో కింద, ప్రతి తిరస్కరణ కింద, లిఫ్టు ఫిర్యాదులకిచ్చిన ఎనభై ఏడు జవాబుల కింద ఆయన సంతకం ఉంది. బోదకాలు దినోత్సవం పోస్టర్లలో బోదకాలు బొమ్మ పక్కనే ఆయన బొమ్మ ఉంది. ముగ్గులో ఏ చుక్కనుంచి బయల్దేరినా ఆయన మీదుగా వెళ్లకుండా బోదకాలు చేరడం సాధ్యం కాదు.

"జాలం పొరబడిందంటారా?" అని విశాలాక్షిగారు అడిగారు.

ఇందుమతి ఆయన ముఖంకేసి చూసింది. ఔనంటే జాలం పోతుంది, కాదంటే ఆయనే పోతారు. ప్రభంజనరావుగారు కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. సభలో వందమంది ఉన్నారు. పత్రికలవాళ్లు ఇద్దరున్నారు.

"జాలం పొరబడదు" అన్నారాయన. మాట స్పష్టంగా వచ్చింది. ఆ క్షణంలో ఇందుమతికి ఆయనమీద గౌరవం లాంటిదేదో కలిగింది.

"అయితే మీ సర్క్యులరు ప్రకారం" అంటూ ఆవిడ కాగితం తీశారు, "ప్రథమ లక్ష్యాన్ని తొంభై రోజులు నిరోధించాలి. మినహాయింపు లేదని మీరే రాశారు. రేపటినుంచి డైరెక్టరుగారి సమస్త చర్యలూ నిలిపివేయాలి. పోల్చి చూడటానికి నిరోధించని డైరెక్టరు ఒకరు కావాలి కనక, పక్క జిల్లాలోని మన సోదర సంస్థ డైరెక్టరుగారిని యథావిధిగా పనిచేసుకోనిద్దాం."

మర్నాడు ప్రభంజనరావుగారి కలం, సీలు, టెలిఫోను స్వాధీనం చేసుకుని, ఆయన్ని సముద్రంవైపు అతిథిగృహంలో ఉంచారు. వారానికోసారి చర్యాస్థాయి కొలిచే బాధ్యత తవిటినాయుడికి అప్పజెప్పారు. అతను ఎలుకల రిజిస్టరులాంటిదే ఇంకోటి తెరిచి రాసేవాడు: సంతకాలు సున్న, ఉపన్యాసాలు సున్న, మేత మామూలు. రెండోవారంలో మాత్రం దినపత్రిక అంచుమీద ఒక సంతకం దొరికింది. 'అవశేష చర్య' అని రాసి, పత్రిక మాన్పించారు.

అదే ఆగస్టు ఆరున ఇందుమతి మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఇరవై రెండున వామనమూర్తి తానే ఆమె గదికి వచ్చాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు.

"మీ దరఖాస్తు తిరస్కరించాలమ్మా. పన్నెండో ర్యాంకు కదా. కాని తిరస్కరించాలన్నా, పెండింగులో పెట్టాలన్నా డైరెక్టరుగారి సంతకం ఉండాలి. వారు నిరోధంలో ఉన్నారు."

"అయితే?"

"పదిహేను రోజుల్లోగా ఏ జవాబూ ఇవ్వని దరఖాస్తు ఆమోదించబడినట్టే భావించవలెనని రూలు ఉంది. ఇన్నాళ్లూ దాని అవసరం ఎప్పుడూ రాలేదు." ఆ కాగితం బల్లమీద పెట్టి, ఏదో పోగొట్టుకున్నవాడిలా వెళ్లిపోయాడు.

తవిటినాయుడు ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ఎలుకల్ని ఇరవై, ఇరవైగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందు, ఒక గుంపుకు ఒట్టి నీళ్లు. ముసలి ఎలుకలు మూడు ఆయాసపడుతుంటే తవిటినాయుడు వాటికి మెత్తని మేత చేతితో పెట్టేవాడు. "ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండే, మీకు పున్నెం ఉంటాది" అని బతిమాలేవాడు.

సంస్థలో ఆ మూడునెలలూ చిత్రంగా గడిచాయి. ఎవరి పని వాళ్లు చేసుకుపోయారు. విఫల లక్ష్యం కనక లిఫ్టు బాగుచేశారు. సభలు లేవు, సర్క్యులర్లు లేవు. అతిథిగృహం వరండాలో ప్రభంజనరావుగారు మొదట్లో గంటకోసారి లేచి పచార్లు చేసేవారు. తర్వాత తర్వాత వలలు లాగేవాళ్లను చూస్తూ కూర్చునేవారు. ఒకనాడు ఇందుమతి ఆయన్ని పలకరించడానికి వెళ్లింది.

"రక్తపోటు తగ్గిందమ్మా" అన్నారాయన ఆశ్చర్యంగా. "రాత్రి పడుకుంటే పొద్దున దాకా మెలకువ రావడం లేదు. అయితే మనసులో ఒకటే బాధ. నేను లేక పని ఎలా జరుగుతోందో ఏమో."

"జరుగుతోంది సార్" అంది ఇందుమతి, వీలైనంత మెల్లగా.

నవంబరులో ప్రయోగం ముగిసింది. నీళ్లు తాగిన ఇరవై ఎలుకల్లోనూ పురుగులు నిక్షేపంగా ఉన్నాయి. మందు తీసుకున్న ఇరవైలో పదిహేడింట ఒక్క తల్లి పురుగు కూడా బతికి లేదు. ఇందుమతి సూక్ష్మదర్శిని దగ్గర్నుంచి లేచి తవిటినాయుణ్ణి చూడమంది. అతను చూసి, "పోయాయండి మేడంగారూ, అన్నీ పోయాయి!" అని ముక్కు చీదుకుంటూ గోడవైపు తిరిగాడు.

సమీక్షా సంఘం మళ్లీ వచ్చింది. ఇందుమతి తన నివేదిక ఇచ్చింది. తవిటినాయుడు డైరెక్టరుగారి రిజిస్టరు ఇచ్చాడు. రెండూ జాలానికి చదివించారు. ఈ మూడునెలలూ తిరస్కరణ కాగితాలు పుట్టకపోవడంవల్ల 417 మళ్లీ వెనకబడి రెండువందల ఆరుకు జారిపోయింది. డైరెక్టరుగారు మాత్రం చెక్కుచెదరలేదు.

విశాలాక్షిగారు తీర్మానం చదివారు: "తొంభై రోజులపాటు ప్రథమ లక్ష్యమైన డైరెక్టరుగారిని నిరోధించగా, ఈ సంస్థ ఎలుకల్లో పురుగులు నశించినవి. సోదర సంస్థలో డైరెక్టరుగారిని నిరోధించలేదు. అక్కడ ఒక్క పురుగు కూడా చావలేదు. 417 అను పదార్థం పాత్ర, ర్యాంకును బట్టి చూడగా, నామమాత్రం. కావున ప్రథమ లక్ష్యం ప్రయోగపూర్వకంగా రుజువైనదని సంఘం ఏకగ్రీవంగా భావించుచున్నది."

చప్పట్లు మోగాయి. శాలువా కప్పుతుంటే ప్రభంజనరావుగారి కళ్లు చెమర్చాయి. వ్యాసంలో మొదటి పేరుగా ఉండటం ఆయనకు అలవాటే. వ్యాసానికి విషయం కావడం ఇదే మొదలు.

ఇందుమతి దిగ్గున లేచింది. ఆరేళ్ల పని. ఒక్క మందు చుక్క కూడా పడని మనిషి మెళ్లో శాలువా పడింది. సోదర సంస్థలో ఎలుకలకు మందే ఇవ్వలేదని ఒక్క మాట చెబితే చాలు, ఆ తీర్మానం నిలవదు.

"చెప్పండి డాక్టర్ ఇందుమతి" అన్నారు విశాలాక్షిగారు. "ప్రథమ లక్ష్యం విషయంలో మీకేమైనా అభ్యంతరమా? అభ్యంతరం ఉంటే నిరోధం ఇప్పుడే ఎత్తివేసి, డైరెక్టరుగారికి కలం తిరిగి ఇచ్చి, మొత్తం మొదటినుంచి పరిశీలిస్తాం. లేదంటే నిరోధాన్ని ఇంకో మూడేళ్లు పొడిగించి, మనుషులమీద పరీక్షలకు వెళ్దాం."

ఇందుమతి అటు చూసింది. వామనమూర్తి జేబులో కలం మూత అప్పుడే సగం ఊడొచ్చి ఉంది. వెనకబెంచీలో తవిటినాయుడు చెయ్యి ఊపుతున్నాడు, కూర్చోండి కూర్చోండని. గొంతులోకి వచ్చిన మాటను ఆమె మింగింది. అది చేదుగానే దిగింది.

"అభ్యంతరం లేదండి. లక్ష్యం అదే" అని కూర్చుంది.

"మరి ఈ మూడేళ్లూ నేనేం చెయ్యాలి?" అని డైరెక్టరుగారు అడిగారు, విధేయంగా.

"మీరేమీ చెయ్యకూడదు. మందే అది."

ఆయన శాలువా సర్దుకుని తలవంచారు. "దేశంకోసం" అన్నారు.

మనుషులమీద పరీక్షల దరఖాస్తు ఇందుమతి ఆ సాయంత్రమే రాసింది. లక్ష్యం పేరు అన్న గడిలో 'డైరెక్టరు' అని నింపింది. పద్ధతి అన్న గడిలో, 417ను ఆపే మాత్రను ఎంత మోతాదులో, ఎన్నాళ్లు, ఎవరి పర్యవేక్షణలో ఇవ్వాలో ఆరుపేజీల్లో వివరంగా, నిజాయితీగా రాసింది. పదహారోరోజున అది ఆమోదించబడినట్టు భావించబడింది. తర్వాత ఆసుపత్రుల నైతిక సంఘాలు, భద్రతా పరీక్షలు అన్నీ గడిచేసరికి ఇంకో పదినెలలు పట్టింది. ఆ సంఘాలు ఒక్కో పేజీనీ గట్టిగా ప్రశ్నించాయి. ఇందుమతి ఒక్కో ప్రశ్నకూ సంతోషంగా జవాబు చెప్పింది.

మొదటి మాత్ర మింగడానికి పేరిచ్చిన పన్నెండుమందిలో కాశమ్మ ఒకతె. ఒప్పుకోలు పత్రం ఆమెకు చదివి వినిపించాలి. చదివేది ఇందుమతే. పైన పెద్ద అక్షరాల్లో 'డైరెక్టరు నిరోధక చికిత్స' అని ఉంది.

కాశమ్మ శ్రద్ధగా వింది. "వాచిన కాలు మళ్లీ పాతలాగయిపోద్దని సెప్పలేను, కొత్తగా వాపు రాకుండా ఆగుద్దేమో సూత్తాం" అని ఇందుమతి ఆమె మాటల్లోనే చెబితే తలూపింది. మాత్రలు ఎప్పుడు మింగాలో అడిగి తెలుసుకుంది. చివరికి వేలిముద్ర వేస్తూ ఆగింది.

"ఇప్పుడు నా ఒంట్లో ఉన్న పురుగు పేరు డైరెట్రంటావేటమ్మా?"

"కాయితాల్లో అలా రాసుకున్నాం కాశమ్మా."

"బాగా పెద్దదేటి?"

"పెద్దదే."

"ఈ మాత్తరేసుకుంటే సచ్చిపోద్దా?"

ఇందుమతి కిటికీలోంచి అతిథిగృహం వరండా వైపు చూసింది. అక్కడ ప్రభంజనరావుగారు మడతకుర్చీలో ప్రశాంతంగా నిద్రపోతున్నారు.

"పురుగు చస్తుంది. డైరెక్టరుకేమీ కాదు. కదలకుండా ఉంటాడంతే" అంది.

"అదే సాలమ్మా" అని కాశమ్మ కాగితం నడిమధ్యన వేలిముద్ర గట్టిగా ఒత్తింది.